ఒకే మందు, రెండు చికిత్సలు: ప్రోక్లోర్‌పెరజిన్ వాడకంలో పాటించవలసిన జాగ్రత్తలు

వాంతులు, వికారం, తలతిరుగుడు ఉన్నాయని ఆసుపత్రికి వెళ్లినవారికి మన దేశంలో తరచుగా రాసే మందుల్లో ప్రోక్లోర్‌పెరజిన్ ఒకటి. స్టెమెటిల్ అనే వ్యాపారనామంతో ఇది ఎక్కువమందికి పరిచయం. చిన్న మాత్ర, తక్కువ ధర, వేగంగా కనిపించే ఉపశమనం కారణంగా చాలా కుటుంబాలు దీన్ని సాధారణమైన ‘వాంతుల బిళ్ల’గానే భావిస్తాయి. అయితే ఈ మందు పుట్టుకతో మానసిక వ్యాధుల ఔషధాల కుటుంబానికి చెందినది. స్కిజోఫ్రీనియా, తీవ్రమైన ఆందోళన వంటి రుగ్మతల చికిత్సలోనూ దీనికి స్థానం ఉంది. రెండు రోజుల వాంతులకు తక్కువ మోతాదులో వాడితే అధికశాతం రోగులకు ఇబ్బంది ఉండదు. అదే మందు వయసు చూడకుండా, కారణం తేల్చకుండా, గడువు పెట్టకుండా నెలల తరబడి సాగితే శరీర కదలికలను శాశ్వతంగా దెబ్బతీయగలదు. ఈ నేపథ్యంలో ప్రోక్లోర్‌పెరజిన్ ఎలా పనిచేస్తుంది, ఎవరికి ఇవ్వరాదు, వైద్యులు, ఔషధ విక్రేతలు, రోగులు ఏయే జాగ్రత్తలు పాటించాలి అన్న అంశాల వివరణ ఇది.

నేపథ్యం

1950 డిసెంబరులో ఫ్రాన్స్‌లోని రోన్ పూలెంక్ సంస్థలో రసాయన శాస్త్రవేత్త పాల్ షార్పాంతియే క్లోర్‌ప్రోమజిన్‌ను తయారుచేశారు. శస్త్రచికిత్సల సమయంలో రోగిని శాంతపరచడానికి దాన్ని వాడిచూసిన వైద్యుడు ఆంరీ లాబొరి, రోగుల్లో కనిపించిన ఒకవిధమైన నిర్లిప్త ప్రశాంతతను గమనించారు. 1952లో పారిస్‌లో మానసిక వైద్యులు జాఁ దలే, పియెర్ దెనికర్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి ఫలితాలను ప్రకటించారు. ఆధునిక మానసిక ఔషధ చికిత్సకు అది ఆరంభంగా చెబుతారు. ఫినోథయజిన్లు అనే ఆ వర్గంలోనే 1950వ దశకంలో ప్రోక్లోర్‌పెరజిన్ కూడా వచ్చింది. మానసిక వ్యాధులకు తర్వాతికాలంలో కొత్త మందులు రావడంతో ఆ రంగంలో దీని వాడకం తగ్గింది. వాంతులను అణచే గుణం మాత్రం బలంగా ఉండటంతో ఆ అవసరానికి నేటికీ నిలిచింది.

ఎలా పనిచేస్తుంది?

మెదడు అడుగుభాగంలో, నాలుగో కోష్ఠం నేలను ఆనుకొని వాంతిని ప్రేరేపించే ఒక చిన్న ప్రాంతం ఉంటుంది. అక్కడ రక్తానికి, మెదడుకు మధ్య ఉండే రక్షణ గోడ పలుచన. అందువల్ల రక్తంలోని విషపదార్థాలను, మందులను అది ముందుగా పసిగట్టి వాంతికి సంకేతం పంపుతుంది. ఈ సంకేతంలో డోపమిన్ అనే రసాయనానిది ముఖ్యపాత్ర. ప్రోక్లోర్‌పెరజిన్ డోపమిన్ గ్రాహకాలను అడ్డుకోవడం ద్వారా వాంతిని ఆపుతుంది.

డోపమిన్ పని అక్కడితో ముగియదు. ఆలోచనలు, అనుభూతులను నియంత్రించే మార్గాల్లోనూ అదే రసాయనం పనిచేస్తుంది. అక్కడ దాన్ని అడ్డుకుంటే భ్రమలు, లేనివి వినిపించడం వంటి లక్షణాలు తగ్గుతాయి. చేతులు, కాళ్లు, ముఖ కండరాల కదలికలను సమన్వయపరచే మార్గంలోనూ డోపమిన్ అవసరం. అక్కడ అడ్డుపడితే బిగుతు, వణుకు, అసంకల్పిత కదలికలు వస్తాయి. మాత్ర ఏ కారణంతో వేసుకున్నా అది మెదడులోని ఈ మార్గాలన్నింటినీ చేరుతుంది. వాంతులకు వేసుకున్నంత మాత్రాన కదలికల మార్గాన్ని తాకకుండా వదిలిపెట్టదు. ఈ మందు సురక్షిత వినియోగానికి సంబంధించిన సూత్రాలన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి.

మోతాదు: ప్రయోజనాన్ని బట్టి తేడా

ఒకే మందు అయినా, ఏ వ్యాధికి వాడుతున్నారన్నదాన్ని బట్టి మోతాదు పలు రెట్లు మారుతుంది. పెద్దవారిలో వాంతుల నివారణకు సాధారణంగా 5 నుంచి 10 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు లేదా మూడుసార్లు ఇస్తారు. చెవి లోపలి సమతుల్యత లోపించి కళ్లు తిరిగినప్పుడు 5 మి.గ్రా. రోజుకు మూడుసార్లతో మొదలుపెట్టి, అవసరమైతే పెంచి, ఉపశమనం కలగగానే తగ్గిస్తారు. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధుల్లో మాత్రం బ్రిటన్ ఔషధ వివరపత్రం ప్రకారం 12.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో ప్రారంభించి క్రమంగా 75 నుంచి 100 మి.గ్రా. వరకు పెంచవచ్చు. ఇంత తేడా ఉన్నందున చీటీపై మందు పేరు, మోతాదుతోపాటు దేనికోసం రాశారన్నది కూడా ఉండటం భద్రతకు అవసరం. వాంతుల కోసం వచ్చిన రోగికి మానసిక వ్యాధి మోతాదు అందినా, మానసిక రోగికి వాంతుల మోతాదు అందినా పొరపాటును అప్పుడే గుర్తించవచ్చు.

ఆందోళన తగ్గించడానికి వాడేటప్పుడు అమెరికా ఔషధ వివరపత్రం స్పష్టమైన హద్దు విధించింది. రోజుకు 20 మి.గ్రా. మించరాదు, 12 వారాలు దాటరాదు. ఆందోళనకు ఇది మొదటి ఎంపిక కాదని కూడా అదే పత్రం చెబుతోంది. ఇంతకన్నా భద్రమైన మందులు అందుబాటులో ఉన్నాయన్నది ఆ సూచనకు ఆధారం.

పేర్లలోని పోలిక మరో ప్రమాదం. ప్రోక్లోర్‌పెరజిన్, క్లోర్‌ప్రోమజిన్, ప్రోమెథజిన్ అనే మూడు పేర్లు వినడానికి దగ్గరగా ఉంటాయి. మూడూ వేర్వేరు మోతాదుల్లో వాడేవి. ఫోనులో చెప్పిన పేరును, కొక్కిరిబిక్కిరి రాతను ఊహించి ఇవ్వడం వల్ల ఒకదానికి బదులు మరొకటి చేరే అవకాశం ఉంది. పేరును పెద్ద అక్షరాల్లో విడివిడిగా రాయడం, అనుమానం వస్తే ఔషధ విక్రేత వైద్యుడిని తిరిగి అడగడం తప్పనిసరి.

రాసే ముందు: వాంతి దేనివల్ల?

వాంతి లక్షణమే తప్ప వ్యాధి కాదు. పేగులో అడ్డంకి, అపెండిసైటిస్, తలకు దెబ్బ, మెదడులో ఒత్తిడి పెరగడం, గుండెపోటు, మధుమేహం అదుపు తప్పడం, ఏదైనా మందు లేదా పురుగుమందు విషప్రభావం వంటివన్నీ వాంతితోనే బయటపడవచ్చు. కారణం తేల్చకుండా వాంతిని ఆపితే హెచ్చరిక గంట మోగకుండా చేసినట్లవుతుంది, అసలు వ్యాధి లోపల ముదురుతుంది. ఆకుపచ్చని లేదా రక్తంతో కూడిన వాంతి, భరించలేని కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, తీవ్రమైన తలనొప్పి, స్పృహలో తేడా, ఛాతీనొప్పి ఉన్నప్పుడు మాత్రతో సరిపెట్టరాదు.

తలతిరుగుడు విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పక్క తిరిగినప్పుడు, తల పైకెత్తినప్పుడు కొన్ని క్షణాలపాటు గిర్రున తిరిగినట్లనిపించే స్థితికి ప్రధాన కారణం చెవి లోపలి సూక్ష్మ స్ఫటికాలు స్థానం తప్పడం. దానికి వైద్యుడు తలను నిర్ణీత క్రమంలో తిప్పి చేసే ఎప్లీ ప్రక్రియే అసలు చికిత్స. మందు ఆ స్ఫటికాలను కదిలించలేదు. పైపెచ్చు ఇలాంటి మందులు ఎక్కువకాలం వాడితే, దెబ్బతిన్న సమతుల్యతను మెదడు తనంతట తాను సరిదిద్దుకునే ప్రక్రియ మందగిస్తుంది. తలతిరుగుడుతోపాటు మాట తడబడటం, వస్తువులు రెండుగా కనిపించడం, నడవలేకపోవడం ఉంటే పక్షవాతంగా అనుమానించి వెంటనే పెద్దాసుపత్రికి తరలించాలి.

మొదటి రెండు రోజులు: మెడ వంకర, కళ్లు పైకి

మందు వేసుకున్న కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల్లోపు కొందరికి మెడ ఒకవైపు లాగుకుపోతుంది. దవడ బిగుసుకుంటుంది, నాలుక బయటకు వస్తుంది, కనుగుడ్లు పైకి తిరిగి నిలిచిపోతాయి. వెన్ను విల్లులా వంగడమూ ఉంటుంది. పిల్లలు, యువతీయువకుల్లో ఇది ఎక్కువ. రోగికి స్పృహ పూర్తిగా ఉంటుంది. చూసేవారు మాత్రం మూర్ఛ అని, ధనుర్వాతం అని, కొన్నిచోట్ల గాలి సోకిందని భావించి కాలయాపన చేస్తారు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్ వల్ల కూడా ఇదే పరిస్థితి తలెత్తవచ్చు.

దీనికి విరుగుడు ఉంది. ప్రోమెథజిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటి మందుల ఇంజెక్షన్‌తో సాధారణంగా నిమిషాల్లోనే కండరాలు సడలుతాయి. అయితే వైద్యుడికి అనుమానం రావాలంటే గడచిన రెండు మూడు రోజుల్లో వాంతుల మందు ఏదైనా తీసుకున్నారా అన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి. అందుకే ఖాళీ అయిన మాత్రల అట్టను పారవేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం మేలు. గొంతు కండరాలు బిగుసుకొని శ్వాసకు ఇబ్బంది కలిగితే 108కు ఫోన్ చేయాలి. ఒకసారి ఇలా జరిగినవారు ఆ విషయాన్ని జీవితాంతం ప్రతి వైద్యుడికీ చెప్పాలి.

మరో దుష్ప్రభావం కంటికి అంత తేలిగ్గా ఆనదు. రోగి ఒకచోట కూర్చోలేడు, నిలబడలేడు. కాళ్లు కదుపుతూనే ఉంటాడు. లోపల ఏదో తరుముతున్నట్లుందని చెబుతాడు. ఆందోళన చికిత్సలో ఉన్న రోగికి ఇది వస్తే, వ్యాధే పెరిగిందని భావించి మోతాదు పెంచే ప్రమాదం ఉంది. మోతాదు పెంచినకొద్దీ బాధ తీవ్రమవుతుంది. మందు మొదలుపెట్టాక లేదా పెంచాక మొదలైన అస్థిమితాన్ని ముందుగా మందు దుష్ప్రభావంగానే అనుమానించడం సరైన పద్ధతి.

నెలలు గడిచాక: వృద్ధుల్లో అసలు నష్టం

ఈ మందు వల్ల మౌనంగా జరిగే నష్టం వృద్ధుల్లోనే ఎక్కువ. ఒక సాధారణ ఉదాహరణ చూద్దాం. డెబ్బై ఏళ్ల వ్యక్తికి కళ్లు తిరిగితే వారం రోజులకు మందు రాస్తారు. తగ్గిందని, మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఇంటివారు పాత చీటీతోనే నెలనెలా కొంటూ ఉంటారు. కొన్ని వారాలకో, నెలలకో నడక మందగిస్తుంది. అడుగులు చిన్నవవుతాయి. ముఖంలో కవళికలు తగ్గుతాయి. చేయి వణుకుతుంది. వేరొక వైద్యుడి దగ్గరకు వెళితే, పాత మందు సంగతి తెలియక పార్కిన్సన్స్ వ్యాధిగా భావించి లెవోడోపా రాసే అవకాశం ఉంది. ఆ మందుకు వికారం సహజం కాబట్టి వాంతుల మాత్ర మరింత ‘అవసరం’ అవుతుంది. ఒక మందు చేసిన చెడుకు మరో మందు, దాని చెడుకు మొదటి మందే చికిత్సగా మారే వలయం ఇది. రెండు మందులూ ఒకదాని ప్రభావాన్ని మరొకటి దెబ్బతీస్తాయి.

ప్రోక్లోర్‌పెరజిన్ ఆపితే ఎక్కువమందిలో ఈ లక్షణాలు వారాల్లో లేదా నెలల్లో తగ్గుముఖం పడతాయి. అందువల్ల వృద్ధుల్లో కొత్తగా వణుకు, బిగుతు కనిపిస్తే వారు వాడుతున్న ప్రతి మందునూ బల్లపై పెట్టించి చూడటం తొలి పరీక్ష కావాలి. ఇదివరకే పార్కిన్సన్స్ ఉన్నవారికి ఈ మందు ఇవ్వరాదని వృద్ధుల ఔషధ వినియోగంపై ప్రామాణికంగా భావించే బీర్స్ జాబితా సూచిస్తోంది. మెటోక్లోప్రమైడ్, ప్రోమెథజిన్ కూడా అదే జాబితాలో ఉన్నాయి.

దీర్ఘకాల వాడకంలో మరింత ఆందోళన కలిగించేది ఆలస్యంగా వచ్చే అసంకల్పిత కదలికల రుగ్మత. పెదవులు చప్పరించడం, నాలుక మెలితిప్పడం, బుగ్గలు ఉబ్బించడం వంటి కదలికలు రోగి ప్రమేయం లేకుండానే సాగుతాయి. వయసు, వాడిన కాలం, శరీరంలోకి చేరిన మొత్తం మోతాదు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. వృద్ధ మహిళల్లో ఇది అధికం. మందు ఆపినా కొందరిలో ఇది ఎప్పటికీ పోదు. టెట్రాబెనజిన్ వంటి మందులు కొంత ఉపశమనం ఇవ్వగలవు గానీ నివారణే ఉత్తమ మార్గం.

మతిమరుపు వ్యాధి వల్ల మానసిక లక్షణాలు కనిపించే వృద్ధుల్లో ఈ వర్గం మందులు మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. 2005లో కొత్తతరం మందులకు జారీచేసిన ఈ హెచ్చరికను 2008లో ప్రోక్లోర్‌పెరజిన్ సహా పాతతరం మందులకూ విస్తరించింది. కొత్తతరం మందులపై జరిగిన 17 పరీక్షలను కలిపి విశ్లేషించగా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారితో పోలిస్తే మరణాల ముప్పు 1.6 నుంచి 1.7 రెట్లు ఉన్నట్లు తేలింది.

అరుదైనా ప్రాణాంతకమైనవి

తీవ్రజ్వరం, శరీరం కొయ్యబారడం, మతిస్థిమితం తప్పడం, విపరీతమైన చెమట, గుండె వేగం ఒకేసారి కనిపిస్తే అది న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ కావచ్చు. మందును తక్షణం ఆపి అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. ఈ వర్గం మందులు శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే శక్తినీ తగ్గిస్తాయి. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో రాయలసీమ, తెలంగాణ జిల్లాల వంటి ఎండల ప్రాంతాల్లో ఈ మందు వాడేవారికి వడదెబ్బ ముప్పు అధికం. నీడపట్టున ఉండటం, నీరు తగినంత తాగడం అవసరం.

తెల్లరక్తకణాలు పడిపోవడం మరో అరుదైన ప్రమాదం. గొంతునొప్పి, జ్వరం అకారణంగా వస్తే రక్తపరీక్ష చేయించాలి. కామెర్లు, గుండె లయలో తేడా కూడా నమోదయ్యాయి. నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగడం, ముఖ్యంగా ఇంజెక్షన్ తర్వాత, తరచుగా కనిపిస్తుంది. తలతిరుగుడుకు ఇచ్చిన మందే వృద్ధుల్ని కింద పడేసి తుంటి ఎముక విరగడానికి కారణం కాగలదు. మూర్ఛ, నీటికాసులు, ప్రోస్టేట్ వాపు, కాలేయ వ్యాధి ఉన్నవారికి రాసేటప్పుడు ప్రత్యేక జాగ్రత్త అవసరం.

ఏ మందులతో కలవరాదు?

మద్యం, నిద్రమాత్రలు, మార్ఫిన్ వర్గపు నొప్పి మందులు దీనితో కలిస్తే మగత పెరిగి శ్వాస మందగించవచ్చు. రక్తపోటు మందులతో కలిస్తే పోటు మరీ పడిపోవచ్చు. గుండె లయపై ప్రభావం చూపే కొన్ని యాంటీబయాటిక్స్, ఒండాన్‌సెట్రాన్ వంటి మందులతో కలిపేటప్పుడు ఈసీజీ అవసరం కావచ్చు. లిథియం వాడే మానసిక రోగుల్లో నాడీసంబంధ దుష్ప్రభావాలు తీవ్రమయ్యే అవకాశం ఉంది. ఇదివరకే మానసిక వ్యాధికి అదే గుణమున్న మందు వాడుతున్నవారికి, విషయం తెలియక వాంతులకు దీన్ని జోడిస్తే డోపమిన్‌పై రెట్టింపు అడ్డు పడినట్లే.

తలసేమియా పిల్లల తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన అంశం మరొకటి ఉంది. పదేపదే రక్తం ఎక్కించడం వల్ల పేరుకునే ఇనుమును తొలగించడానికి డెస్‌ఫెరిఓక్సమిన్ ఇస్తారు. దానితో ప్రోక్లోర్‌పెరజిన్ కలిసినప్పుడు 48 నుంచి 72 గంటలు స్పృహ కోల్పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. ఈ రెండింటినీ కలపరాదు.

పిల్లలు, గర్భిణులు

అమెరికా వివరపత్రం ప్రకారం రెండేళ్లలోపు లేదా 9 కిలోలలోపు పిల్లలకు ఈ మందు నిషిద్ధం. బ్రిటన్ ఏడాదిలోపు లేదా 10 కిలోలలోపు పిల్లలకు వద్దంటోంది. పెద్దవారి మాత్రను విరిచి పిల్లలకు వేయడం ఏ వయసులోనూ తగదు. వాంతులు, విరేచనాలతో నీరసించిన పిల్లల ప్రాణాన్ని నిలిపేది ముందుగా ఓఆర్‌ఎస్ ద్రావణమే.

గర్భిణుల వేవిళ్లకు మన దేశంలో సాధారణంగా డాక్సిలమిన్, పిరిడాక్సిన్ కలిసిన మాత్రను మొదట ఆలోచిస్తారు. ప్రోక్లోర్‌పెరజిన్ అవసరమా కాదా అన్నది ప్రసూతి వైద్యులే నిర్ణయించాలి. చివరి మూడు నెలల్లో వాడితే పుట్టిన శిశువులో బిగుతు, వణుకు, పాలు తాగలేకపోవడం కనిపించవచ్చు కనుక ఆ శిశువును కొన్ని రోజులు గమనించాలి.

చట్టం చెప్పేది, ఊళ్లో జరిగేది

దేశంలో ఇలాంటి మందులు షెడ్యూల్ హెచ్ పరిధిలోకి వస్తాయి. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీపై మాత్రమే అమ్మాలన్న హెచ్చరిక అట్టపైనే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ మాటల పొట్టిరూపమైన ‘ఆర్‌ఎంపీ’ అన్న పదం ప్రజల వాడుకలో అర్హత పట్టా లేని గ్రామీణ వైద్యులకు స్థిరపడింది. చట్టం ఉద్దేశించింది వైద్య మండలిలో నమోదైన వైద్యులనే. పాత చీటీ చూపి మళ్లీ మళ్లీ కొనడం, పక్కింటివారికి పనిచేసిందని వేసుకోవడం చట్టరీత్యా, ఆరోగ్యరీత్యా సరికాదు.

ఏ మందు వల్లనైనా దుష్ప్రభావం కలిగిందని అనుమానిస్తే రోగులే నేరుగా తెలియజేయవచ్చు. 2010లో ప్రారంభమైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ జాతీయ సమన్వయ కేంద్రం. ఇందుకోసం 1800-180-3024 ఉచిత ఫోన్ నంబరు ఉంది.

గుర్తుంచుకోవలసినవి

వైద్యులు చీటీపై కారణం, మోతాదు, ఆపవలసిన తేదీ మూడూ రాయాలి. వాంతులకు రోజుల లెక్కన, తలతిరుగుడుకు సాధ్యమైనంత తక్కువ కాలం ఇవ్వాలి. ఎక్కువకాలం తప్పనప్పుడు ప్రతి సందర్శనలోనూ ముఖం, నాలుక, నడక, చేతుల కదలికలను పరిశీలించాలి.

రోగులు తమకున్న వ్యాధులు, వాడుతున్న మందులన్నీ చెప్పాలి. ఈ మందు వేసుకున్నాక వాహనం నడపరాదు, మద్యం తాకరాదు. మంచం మీద నుంచి నెమ్మదిగా లేవాలి. గడువు ముగిశాక మాత్రలు మిగిలినా దాచుకోరాదు.

మానసిక వ్యాధికి ఈ మందు వాడుతున్నవారు మాత్రం ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానరాదు. అలా మానితే వికారం, నిద్రలేమి, వణుకుతోపాటు వ్యాధి తిరగబెట్టవచ్చు. తగ్గించడమైనా, మార్చడమైనా చికిత్స చేస్తున్న వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి. ఈ విషయంలో సలహా కావాలంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416ను సంప్రదించవచ్చు.

ఇంట్లో పెద్దవారి మందుల డబ్బాలో ఈ మాత్ర ఉంటే, అది ఎప్పుడు, దేనికి మొదలైందన్న ప్రశ్న ఒక్కసారి వేసుకోవాలి. జవాబు గుర్తు రానంత కాలమైతే, వచ్చే వైద్య సందర్శనలో మొదట అడగవలసింది ఆ మాత్ర గురించే.